సున్నాల వరుస

పటాన్‌చెరులో బస్సు కదలకముందే కౌసల్య మూడుసార్లు సంచిలో చెయ్యి పెట్టి చూసుకుంది. ఉంది. అగ్గిపెట్టెలో దూది, దూది మీద చిప్పు, రెండు పక్కలా ఇనుప కాళ్ళతో నల్ల జెర్రిలాగా, దాని నడుమ చిన్న గాజు కిటికీ, కిటికీ మీద అంటించిన కాగితం ముక్క, దాని మీద తన రాతతోనే నర్సన్న బండి నంబరు, కింద 'పాతది' అన్న మాట. పాతదేనా? పాతదే, నిన్న సాయంత్రం బండిలోంచి పీకి దూదిలో పెట్టింది తనే, ఇంకెవరూ ముట్టుకోలేదు, అయినా ఈ పూట తన రాతను తనే నమ్మలేకపోతోంది. రెండుంబావు. బొంతపల్లికి గంట. మూడున్నరకు నర్సన్న వీరభద్రుని గుడి దగ్గర నుంచి బయల్దేరతాడు, నిన్న తనే చెప్పాడు, మొక్కు అప్పజెప్పి, బువ్వ తిని, ఎండ తగ్గంగనే ఎళ్లిపోతం చెల్లె, అని. అంటే పావుగంట మిగులుతుంది. బస్సు డ్రైవరు ఇంకా కింద నిలబడి చాయ్ తాగుతున్నాడు, ఊదుకుంటూ, గ్లాసులో సగం అలాగే ఉంది, ఒక్కొక్క గుటక తన పావుగంటలోంచే తాగుతున్నట్టుంది, దిగి పోయి అడగాలా, అన్నా జెర జల్దీ తియ్యి, మనుషులు చస్తరు అన్నా, అని అడిగితే ఏమంటాడు, పిచ్చిదనుకుంటాడు, అనుకోనీ, అడుగు, కాని నోరు లేవలేదు. అంతలో అతనే గ్లాసు పెట్టేసి ఎక్కి కూర్చున్నాడు.

పన్నెండున్నర దాకా ఏమీ తెలియదు. అదే ఆమెను ఎక్కువగా భయపెడుతోంది. పన్నెండున్నర దాకా సుఖంగా ఉంది, టిఫిను డబ్బాలోని పెరుగన్నం తిన్నది, మామిడికాయ తొక్కు నాలుకకు మండుతుంటే నీళ్ళు తాగి, షెడ్డు ముందు దుమ్ము లేవకుండా రెండు బిందెలు చల్లింది, అప్పటికే నర్సన్న బండి రోడ్డు మీద పోతూనే ఉంది కదా, తను పాట కూనిరాగం తీస్తున్నప్పుడు అది పోతూనే ఉంది కదా. తర్వాత వేరే బండికి ఫైలు తయారు చేయాల్సి వచ్చి, నమూనాకని, నిన్న నర్సన్న బండి కొత్త చిప్పులోకి ఎక్కించిన ఫైలును కంప్యూటరులో తెరిచింది. తెర నిండా అంకెలు, చూసేవాళ్ళకు చీమల బారు, కౌసల్యకు బండి మనసు. డ్రైవరు కాలు ఎంత నొక్కితే, ఇంజను ఎంత వేగంగా తిరుగుతుంటే, ఎంత డీజిలు పోయాలి అన్న పట్టిక అందులో ఒకటి ఉంటుంది. అన్నిటికంటే పై వరుస, కాలు అసలు నొక్కనప్పటిది. ఆ వరుసలో కుడి చివర, ఇంజను బాగా తిరుగుతున్న చోట, అన్నీ సున్నాలే ఉండాలి. కాలు తీస్తే డీజిలు ఆగాలి, ఇందులో చదువేముంది, సైకిలు తొక్కేవాడికీ తెలుసు. అక్కడ సున్నాలు లేవు. చివరి ఆరు గడుల్లో కింది వరుస అంకెలు కూర్చుని ఉన్నాయి. నిన్న బండికి బలం పెంచి కొత్త అంకెలు తెచ్చి అతికించేటప్పుడు ఒక్క వరుస పైకి అతికాయి. వేలెడు జరిగింది, అంతే. గల్లీలో పోతున్నంతసేపు ఏమీ కాదు, బజారులో ఏమీ కాదు, పెద్ద రోడ్డు మీద, దిగుడులో, ఇంజను గట్టిగా తిరుగుతున్నప్పుడు నర్సన్న కాలు తీస్తాడు, బండి మాత్రం కాలు ఇంకా మీదే ఉందనుకుంటుంది. గుంజుతూనే ఉంటుంది.

బస్సు పారిశ్రామికవాడ దాటేసరికి కిటికీలోంచి ఆ వాసన వచ్చింది, కుళ్ళిన గుడ్డు, దాని వెనక తియ్యగా ఇంకేదో, పక్క సీటులోని ముసలామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, కౌసల్య పెట్టుకోలేదు, ఈ వాసనలోనే పెరిగింది, వాసన రాని రోజే కంపెనీ బందయిందేమోనని ఇంట్లో భయపడేవాళ్ళు. అంకెలు కూడా ఈ వాసనలోనే నేర్చుకుంది. పదో తరగతి తర్వాత చేరిన కంపెనీలో తూకం యంత్రాలు తయారయ్యేవి, వాటి లోపల పెట్టే చిప్పుల్లోకి ఫైళ్ళు ఎక్కించే బల్ల మీద పన్నెండుమంది ఆడపిల్లలు, పాడైన చిప్పుల్ని ఊదారంగు వెలుగున్న పెట్టెలో ఇరవై నిమిషాలు పెడితే రాసిందంతా తుడిచిపెట్టుకుపోయేది, ఆ వెలుగును చూడొద్దు, కళ్ళు పోతాయి అనేవాళ్ళు, అందరూ ఒక్కసారైనా చూశారు. చిప్పు పదితో లెక్కపెట్టదు, పదహారుతో లెక్కపెడుతుంది అని సూపర్‌వైజరు చెప్పినప్పుడు మిగతా పిల్లలు తెల్లబోయారు, కౌసల్యకు నవ్వొచ్చింది, అమ్మ రాజవ్వ నాటు వేసేటప్పుడు నారు కట్టలు అట్లాగే లెక్కపెట్టేది, బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళ కణుపుల మీద, వేలికి మూడు కణుపులూ ఒక కొసా, చేతికి పదహారు. ఆ కంపెనీ మూతపడ్డాక సంగప్ప పిలిచాడు, ఇస్నాపూర్ దగ్గర షెడ్డు, బండ్ల ఇంజను కంప్యూటర్లు విప్పి అంకెలు మార్చి బలం పెంచే పని, మెకానిక్కులు మస్తుగ దొరుకుతరు కౌసల్యా, అంకెలు సదివేటోళ్ళు దొరకరు, అన్నాడు. మూడేళ్ళయింది. బండ్లు తెచ్చేవాళ్ళు మొదట ఆమెను చూసి సంగప్ప ఎక్కడ అని అడిగేవాళ్ళు, ఇప్పుడు ఆమెనే అడుగుతారు, ఆ గర్వం ఎక్కడికి పోయింది?

ఎదురుగా తెల్ల బండి వస్తోంది. కౌసల్య సీటు కమ్మీ పట్టుకుని లేచింది. కాదు, పాల వ్యాను. కూర్చుంది. నర్సన్నది బూడిదరంగు, ఎవరో ఫారిన్ ఇంజనీరు తెప్పించుకుని, పని అయిపోయి పోతూ కంపెనీకి వదిలేసిన బండి, కంపెనీ వేలం వేస్తే నర్సన్న తీసుకున్నాడు, తొమ్మిదిమంది పడతారు, తమ ఊరు చిట్కుల్‌లో అంత నున్నటి బండి ఇంకెవరికీ లేదు. మంది ఎక్కితే ఎక్కుడులో నడుస్తలేదు చెల్లె, ముసలి ఎద్దు లెక్క గురక పెడుతుంది, జెర బలం పెంచు, అన్నాడు. పెంచింది. నిన్న సాయంత్రం సంగప్ప చౌరస్తా దాకా తోలి చూశాడు, ఆ రద్దీలో బండి ఎప్పుడు వేగం అందుకోవాలి, అందుకోలేదు, బాగుంది అన్నాడు. ఫైలు చివర ఒక లెక్క ఉంటుంది, అంకెలన్నీ కూడితే వచ్చే మొత్తం, అది సరిపోకపోతే బండి స్టార్టే కాదు, అది గనక తను మరిచిపోయి ఉంటే బండి షెడ్డులోనే మొరాయించి ఉండేది, నర్సన్న నాలుగు తిట్లు తిట్టి బొంతపల్లికి బస్సులో పోయేవాడు. ఆ లెక్కను మాత్రం తప్పు లేకుండా సరిచేసింది. లెక్క సరిపోయింది కాబట్టి బండి నమ్మింది. నర్సన్న నమ్మాడు. ఎవరెవరు ఎక్కారు? కౌసల్యకు తెలుసు, ఒకే గల్లీ, పొద్దున్న నల్లా దగ్గర బిందె పెట్టుకుని ఉన్నప్పుడే వాళ్ళు ఎక్కడం చూసింది, నర్సన్న భార్య మొగులమ్మ, ఆమె ఒళ్ళో ఆరేళ్ళ మనుమరాలు, ఆకుపచ్చ లంగా, తలకు ఆవగింజంత ఖాళీ లేకుండా బంతిపూలు, ముత్యమ్మ, ఆమె ఇద్దరు కోడళ్ళు, బొటనవేలు కణుపుల మీద దానంతటదే కదులుతోంది, కౌసల్య పిడికిలి బిగించి ఆపింది, లెక్కపెట్టకు, శవాల్ని లెక్కపెట్టినట్టు లెక్కపెట్టకు. నువ్వు గూడ రారాదా, అని మొగులమ్మ కిటికీలోంచి అడిగింది. పనుంది వదినా, అంది తను. చెయ్యి ఊపింది.

నర్సన్న సెల్లుకు షెడ్డు ఫోన్ నుంచి ఎన్నిసార్లు చేసిందో గుర్తులేదు, మీరు పిలుస్తున్న నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు, ఆ ఆడమనిషి గొంతు ఎంత నిమ్మళంగా చెప్తుందో, ఎవరు చచ్చినా అదే గొంతుతో చెప్తుంది. తర్వాత సంగప్పకు చేసింది. అతను సామాను కోసం సిటీకి పోయాడు, వెనక హారన్లు. అంతా విన్నాడు. "ఏం గాదు," అన్నాడు. "నర్సన్న సంగతి ఎర్కలేదా, అరవై దాటియ్యడు. రేపు సర్వీసని పిలుద్దాం, సప్పుడు జేయకుంట చిప్పు మారుద్దాం. నువ్వు పరేషాన్ గాకు. ఎవ్వలకు జెప్పకు." ఫోను పెట్టేశాక షెడ్డులో ఫ్యాను చప్పుడొక్కటే. అప్పుడు టైము ఒంటిగంట కూడా కాలేదు. ఆ తర్వాత, ఆ తర్వాతది ఇప్పుడొద్దు. తాళం వేసి ఆటో ఎక్కి పటాన్‌చెరు వచ్చింది, బస్సెక్కింది, బస్సులో ఉంది, పోతోంది, అది చాలు. ఫైలును చెరిపేద్దామని మౌసు మీద చెయ్యి పెట్టింది, అది కూడా వద్దు, చెరపలేదు కదా, చెరిపితే మాత్రం ఏముంది, బండిలో ఉన్నది చెరగదు, చెరిగేది తన పేరొక్కటే. ముందుగా ఆలోచన అటే ఎందుకు పోయింది? ఆకుపచ్చ లంగా మీదికి పోకుండా, ముందు అటే ఎందుకు పోయింది?

నాన్న కొమురయ్య మందుల కంపెనీలో హెల్పరు. ఆమెకు పన్నెండేళ్ళప్పుడు, పెద్ద బానలాంటి దాంట్లో ఏదో ఉడికే చోట, వేడి చూపించే ముల్లు కదలడం మానేసింది, చల్లగా ఉందని చూపిస్తూనే ఉంది, చల్లగానే ఉందనుకుని నాన్న మూత విప్పాడు. రెండు కాళ్ళూ తొడల దాకా కాలాయి. దవాఖానాలో అరిటాకు మీద పడుకోబెట్టారు, అరిటాకు పచ్చగా ఉండేది, నాన్న కాళ్ళు ఎర్రగా, ఆమె ఆ రెండు రంగులనూ కలిపి ఏ చీర మీద చూసినా ఇప్పటికీ తట్టుకోలేదు. ముందు డ్యూటీల ఉన్నోనికి ఎర్కే బిడ్డ, అన్నాడు నాన్న, ముల్లు ఆగిపోయిందని వానికి ఎర్కే, ఇంటికి పోంగ ఒక్క మాట జెప్పలే. ఆ మనిషి మూడో రోజు బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. మంచం కాళ్ళ వైపు స్టూలు మీద కూర్చున్నాడు, గంట కూర్చున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు, లేచి పోయాడు. ఆ బత్తాయిల్ని అమ్మ కిటికీలోంచి బయటికి గిరాటేసింది. ఎన్నేళ్ళు తిట్టుకుంది కౌసల్య ఆ మనిషిని, వాడి చేతులు పడిపోవాలని, వాడి కళ్ళు పోవాలని, దుర్మార్గుడంటే ఆ ముఖమే గుర్తొచ్చేది. ఇప్పుడీ బస్సులో ఆ ముఖం ఇంకో రకంగా కనిపిస్తోంది. దుర్మార్గుడేమీ కాదు. డ్యూటీ దిగేటప్పుడు చెప్దామనే అనుకున్నాడు. చెప్తే ముల్లు ఎప్పుడు ఆగిందని అడుగుతారు, ఇంతసేపు ఏం చేశావని అడుగుతారు, ఒక్క నిమిషం ఆగుదాం అనుకున్నాడు, ఆ నిమిషం పక్కన ఇంకో నిమిషం వచ్చి కూర్చుంది. భయపడ్డాడు. అంతే. భయం ఎంత చిన్నగా ఉంటుందో, ఎంత మెత్తగా వచ్చి ఒళ్ళో కూర్చుంటుందో కౌసల్యకు ఇవాళే తెలిసింది, తెలియకుండా ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికైనా ఒక మనిషి మిగిలేవాడు.

బస్సు ఆగింది. ఊరు లేదు, స్టేజీ లేదు, రెండు వైపులా జొన్న చేలు, బస్సు ఆగింది. ముందర నాలుగైదు లారీలు, వాటి ముందర జనం, జనం రోడ్డుకు అడ్డంగా గుండ్రంగా నిలబడి కిందికి చూస్తున్నారు. "ఏదో బోల్తా వడ్డట్టుంది," అన్నాడు కండక్టరు తల బయట పెట్టి. కౌసల్య దిగుదామని లేచింది, పక్కనున్న ముసలామె మోకాళ్ళు అడ్డం, జరుగు అవ్వా, జరుగు, దిగింది, పరుగెత్తింది, చెప్పు ఒకటి జారింది, లారీ పక్క నుంచి, వేడి ఇనుము, డీజిలు వాసన, జనం వీపులు, ఒకరి వీపు మీద చెయ్యి వేసి తోసింది, రోడ్డు మీద ఆకుపచ్చ. ఆకుపచ్చ. క్యాబేజీలు. ట్రాలీ ఆటో పక్కకు పడి ఉంది, క్యాబేజీలు రోడ్డంతా దొర్లి ఉన్నాయి, ఆటో అతను తన మోచేయి పట్టుకుని గట్టు మీద కూర్చుని బీడీ అడుగుతున్నాడు, జనం క్యాబేజీలు ఏరి కుప్ప వేస్తున్నారు, ఎవరో నవ్వుతున్నారు కూడా. కౌసల్య అక్కడే రోడ్డు మీద వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పెరుగన్నం కక్కింది. తర్వాత తనూ ఏరింది, ఎందుకు ఏరిందో, తొందరగా అయితే తొందరగా కదులుతుందనా, రెండేసి క్యాబేజీలు చంకన పెట్టుకుని పరుగెత్తి గట్టు మీద పడేసింది, ఏడుస్తూ ఏరింది, బస్సు కదిలేసరికి మూడు దాటి ఐదు నిమిషాలు. జిన్నారం ఇంకా ముందుంది. జిన్నారం దాటాక దిగుడు, దిగుడు కింద మలుపు, ఆ మలుపులో ఇవాళ పొద్దున్నే ఏమైనా అయి ఉంటే ఈపాటికి తెలిసేది, తెలిసేదా, ఎవరు చెప్తారు, షెడ్డుకు తాళం వేసి వచ్చింది. మలుపు దగ్గర బస్సు వంగినప్పుడు ఆమె రోడ్డు అంచునే చూసింది, గాజు పెంకులున్నాయా, నూనె మరక ఉందా, నల్లగా పొడుగ్గా టైరు గీతలున్నాయి, రెండు, కొత్తవి, రోడ్డు మధ్యదాకా పోయి ఆగిపోయాయి. ఎవరివి? ఎవరివైనా కావచ్చు. మెడ తిప్పి వెనక అద్దంలోంచి కనిపించినంతసేపు చూస్తూనే ఉంది.

మూడూ నలభైకి దిగింది. గుడి ముందర బండ్లు పెట్టే చోట రెండు జీపులు, ఒక ట్రాక్టరు. బూడిదరంగు బండి లేదు. కొబ్బరికాయల దుకాణం అతణ్ణి అడిగింది, అతను చేత్తో వెనక్కి చూపించాడు. దుకాణాల వెనక వేపచెట్ల కింద, నీడలో, బండి. ఒక తలుపు తెరిచి ఉంది. ఆడవాళ్ళు చాప మీద, విస్తళ్ళు ఇంకా ఎత్తలేదు, ముత్యమ్మ వక్క కొరుకుతోంది, మొగులమ్మ ఒళ్ళో పిల్ల నిద్రపోతోంది, బంతిపూలు వాడిపోయి చెవి మీదికి జారాయి, పిల్ల పొట్ట పైకీ కిందికీ కదులుతోంది, కౌసల్య ఆ పొట్టనే చూస్తూ నిలబడింది. నర్సన్న వాళ్ళకు దూరంగా, బండికి అటువైపు, రాయి మీద కూర్చుని ఉన్నాడు. కుడికాలి చెప్పు విప్పి, పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని బొటనవేలిని గోటితో నొక్కి చూసుకుంటున్నాడు.

"చెల్లె! నువ్వేంది ఈడ?"

"బండి ఎట్లుందన్నా?"

"బండికేంది, గుర్రమున్నట్టుంది," అన్నాడు. చాప వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నాకే బాగలేదు. మీ వదినకు జెప్పకు. పొద్దుగాల వచ్చేటప్పుడు, జిన్నారం దాటినంక దిగుడు లేదా, ఆడ మేకలు అడ్డమొచ్చినయ్. కాలు తీసిన. తీసిన్ననుకున్న. బండి ఉరుకుతనే ఉన్నది. బ్రేకు మీద నిలవడ్డ చెల్లె, జానెడు దూరంల ఆగింది. మేకలాయన తిట్టని తిట్టు లేదు. ఈళ్ళంత మేకల మీద కోపం జేసిన్రు." అతని చెయ్యి ఇంకా బొటనవేలి మీదే ఉంది. "షుగరొచ్చి మూడేండ్లాయె. వేలు మొద్దుబారింది. నేను కాలు తియ్యనే లేదు. నా కాలు యాడున్నదో నాకే ఎర్కలేకపాయె. ఇరవై ఎనిమిదేండ్ల సంది తోలుతున్న. ఇగ తోల. ఇయ్యాల ఇంటికి ఎట్ల తీస్కపోవాల్నా అని కూసున్న. టైమైందని ఆళ్ళు లేవమంటున్నరు, కడుపుల నొస్తుందని జెప్పిన."

ఎవరూ చావలేదు, ఎవరికీ తెలియదు, ఎవరూ తెలుసుకోలేరు కూడా. తప్పును ఇంకొకరు ఇప్పటికే ఎత్తుకున్నారు, తన ప్రమేయం లేకుండా, తనను అడగకుండా. ఒక్క మాట చాలు, షుగరు మంచిది కాదన్నా, డాక్టరుకు చూపించుకో, అంతలో ఇగో, సంగప్ప బండిని ఒకసారి చూడమన్నాడు అని పెట్టె విప్పి చిప్పు మార్చేస్తే, అందరూ ఇంటికి పోతారు, నర్సన్న బండి అమ్ముకుంటాడు, గల్లీ అరుగు మీద కూర్చుని ఆ బొటనవేలిని నొక్కి చూసుకుంటూ బతుకుతాడు, తను పొద్దున్నే నల్లా దగ్గర బిందె పెట్టుకుని అతణ్ణి చూస్తుంది, రేపు చూస్తుంది, ఎల్లుండి చూస్తుంది. చెప్పడానికి వచ్చిన మనిషి తనేనా? ఏం చెప్దామని వచ్చింది, బస్సులో గంటన్నర, ఆ మాటల్ని ఒక్కసారైనా కూర్చుకుందా, లేదు, చిప్పు మార్చడం వరకే అనుకుంది, చెప్పడం గురించి అసలు అనుకోనేలేదు.

"నువ్వు తీసినవన్నా," అంది.

"ఏంది?"

"కాలు. నువ్వు తీసినవ్. బండి ఇనలే. నేను తప్పు రాసిన. కాలు తీస్తే డీజిలు ఆగాలని రాసుండే కాడ, ఆగకుంట రాసిన."

నర్సన్న ఆమెను చూశాడు, బండిని చూశాడు. "అంటే నేను తీసిన?"

"తీసినవ్."

"గట్టిగ జెప్పు."

"తీసినవన్నా. నీ కాలు మంచిగున్నది. తప్పు నాది."

తిడతాడనుకుంది. కొడతాడేమోనని కూడా అనుకుంది, కొడితే బాగుండు. నర్సన్న పాదాన్ని నేల మీద పెట్టి, మట్టిలో రెండుసార్లు తొక్కి చూసుకున్నాడు, ముఖం పసిపిల్లవాడి ముఖంలా విప్పారింది, "మొగులూ!" అని కేక వేశాడు, "ఓ మొగులూ! నా కాలు గాదంట! నేను తీసిన్ననంట!" అని, అప్పటిదాకా దాచినదంతా అందరి ముందు, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, మేకల సంగతి, బొటనవేలి సంగతి, చిప్పు సంగతి, చెప్పేశాడు. ఆ నవ్వును కౌసల్య భరించలేకపోయింది. చాప మీద ఎవరూ నవ్వలేదు. మొగులమ్మ పిల్లను ముత్యమ్మ ఒళ్ళోకి మార్చి, లేచి, చీర దులుపుకుని వచ్చింది.

"నీకెప్పుడు ఎర్కయింది?"

"పన్నెండున్నరకు, వదినా."

"ఈడికొచ్చుడు గంట బాట. గిప్పుడొచ్చినవ్. నడుమల ఏం జేసినవ్?"

ఇక ఎటూ తప్పుకోవడానికి లేదు. షెడ్డులో ఫ్యాను తిరుగుతూ ఉంది. ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. తెర మీద ఆ ఆరు గడులు. లేవాలి అనుకుంది, లేవలేదు. రేపు పిలుద్దాం అన్నాడు కదా సంగప్ప, అరవై దాటియ్యడు అన్నాడు కదా, గోడ గడియారం ఒంటిగంట, ఒంటిగంటంబావు, గోళ్ళు కొరుక్కుంది, నెత్తురొచ్చింది, ఒంటిగంటన్నర, పెద్ద ముల్లు కదులుతుండగా చూస్తూ కూర్చుంది.

"కూసున్న," అంది కౌసల్య. "భయమైంది. గంట సేపు ఊకె కూసున్న."

మొగులమ్మ వెనక్కి తిరిగి ముత్యమ్మ ఒళ్ళోని పిల్లను చూసింది. తర్వాత, "ముందుగాల అది మార్చు," అంది.

స్టీరింగు కింద పెట్టెకు నాలుగు మరలు. నర్సన్న టార్చి పట్టుకున్నాడు, పగలే అయినా ఆ మూల చీకటి. కొత్త చిప్పును పీకింది, పాతదాన్ని కాళ్ళు వంగకుండా నొక్కింది, మరలు బిగించింది. ఇంజను పలికింది. తొమ్మిదిమందికే జాగా, తను బస్సుకు పోతానంది. "యాడికి?" అంది మొగులమ్మ. పిల్లను భుజాన వేసుకుని వెనక సీటులో కోడళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుంది, ముందర నర్సన్న పక్కన తన చోటు ఖాళీగా ఉంది. "నువ్వు ముందట కూసో. నువ్వు కూసుంటెనే బండి కదులుతది."

కౌసల్య కూర్చుంది. ఊరు దాటి, చెట్లు దాటి, రోడ్డు తిన్నగా సాగే చోటికి వచ్చేసరికి బండిలో ఎవరూ మాట్లాడడం లేదు, ముత్యమ్మ వక్క నమలడం కూడా ఆపేసింది. నర్సన్న నొక్కాడు. ఇంజను గొంతు పెరిగింది, ఇంకా పెరిగింది, ముల్లు పైకి పోతోంది, ఆ గడుల దగ్గరికి, ఆ ఆరు గడుల మీదికి వచ్చింది, ఇప్పుడు, దూరంగా లారీ, ఇప్పుడు తియ్యాలి. నర్సన్న కాలు తీశాడు. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత చప్పుడు దిగింది, అందరూ ముందుకు కొద్దిగా ఊగారు, బండి నెమ్మదించింది. ఎవరో నిట్టూర్చారు. నర్సన్న నవ్వబోయాడు.

"మల్ల తియ్యి," అంది మొగులమ్మ వెనక నుంచి.

నొక్కాడు. తీశాడు. నెమ్మదించింది.

"మల్ల."

పటాన్‌చెరు పొగగొట్టాలు కనిపించేదాకా ఆమె ఎన్నిసార్లు అన్నదో నర్సన్న అన్నిసార్లూ కాలు తీశాడు, అతను తీసిన ప్రతిసారీ, చప్పుడు దిగేలోపల ఉండే ఆ చిన్న సందులో, కౌసల్య రెండు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి, లేని బ్రేకును తొక్కుతూ కూర్చుంది.